అప్పన్నకి చందనం, మా కారుకి ఎర్రమట్టి

నాన్నగారి కారుకి మళ్ళీ రంగు పడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది సోమ్రి. మా పెరట్లో మిరియాల పాదుల కింద కలుపు తియ్యడానికి వచ్చి, కొంగులో కట్టుకొచ్చిన దుంపలు గట్టుమీద పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు తనలో తనే నవ్వుకుంది. "ఏటే, చెప్పి నవ్వు" అన్నాను. "మీ తమ్ముడుగోరు కారుకి మా ఇంటి గోడ రంగేయించినారు అక్కా. విశాపట్నం నించి లారీ ఎక్కి వచ్చినాది. గోడకి నాను సేత్తో అలుకుతాను గదా, దానికేమో మిషినెట్టి కొట్టినారంట" అంది. నేను నమ్మలేదు. సాయంత్రం తమ్ముడు సూరిబాబు ఫోను చేసి తనే చెప్పాడు. అరకులో టూరిస్టులకి గదులు అద్దెకిస్తుంటాడు వాడు. నాన్న కారుని షెడ్డులోంచి లాగించి, గేటు దగ్గర వచ్చినవాళ్ళు ఫొటోలు దిగడానికి నిలబెట్టాడట. అడుగున తెల్లటి అంచు, పైన ఎర్రమట్టి రంగు. ఆ రంగుకి ఇంగ్లీషులో ఒక పేరుంది, మెరవకుండా ఉండటానికి ప్రత్యేకంగా ఒక పూత ఉంది, ఆ పూతని కాపాడటానికి ఇంకో పూత ఉంది. "పాత కార్లకి ఇంత చవగ్గా ఎవడూ వెయ్యడక్కా, తెలిసినవాడు కాబట్టి ఒప్పుకున్నాడు" అని ధర చెప్పాడు. నేను ఫోను పెట్టేసి దేవుడి గదిలోకి వెళ్ళి, ఇంత చవకని తట్టుకునే గుండెనిచ్చినందుకు సింహాద్రి అప్పన్నకి ఒక దీపం అదనంగా వెలిగించాను.

నాకు కృతజ్ఞత కొంచెం ఎక్కువ. ఆ జబ్బు అమ్మనుంచి సంక్రమించింది. మా అమ్మ తెల్లవారగానే చన్నీళ్ళు పోసుకుని, అప్పన్న పటం ముందు దీపం పెట్టి, ఆ చేత్తోనే వాకిట్లోకి వచ్చి కారు నుదుట కుంకుమ బొట్టు పెట్టేది. మాకు అన్నం పెట్టేది ఆ కారే. మైదానంలో విజయనగరం పక్కనుంచి పెళ్ళాం పిల్లలతో కొండెక్కి వచ్చిన నాన్న, ఎవరో డాక్టరు వాడి వాడి వదిలేసిన ముసలి అంబాసిడర్ని కొని, ఒక ఆఫీసుకి బాడుగకి తిప్పేవారు. అది నీలం కారని అమ్మినాయన చెప్పాడు. పెద్దమనిషి మాట కదా, నమ్మాం. ఆ నీలంలో కొంత వానలు తీసుకుపోయాయి, కొంత ఎండలు తీసుకుపోయాయి, మిగిలినది నాన్న రోజూ పొద్దున్నే పాత పంచెముక్క కిరసనాయిల్లో ముంచి తోమి తోమి తనే వదిలించారు. వంగిన మేకుల్ని సుత్తితో సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషి ఆయన. వాన నీటిలో తడిసిన అగ్గిపుల్లల్ని ఎండబెట్టి మళ్ళీ పెట్టెలో పేర్చేవారు. అవి మళ్ళీ వెలిగిన పాపాన పోలేదు గానీ, పెట్టె మాత్రం నిండుగా ఉండేది.

బడి వాగుకి అవతల ఉండేది. వానాకాలం వాగు పొంగితే మేం వెళ్ళలేం, ఎండాకాలం వాగు ఎండితే మేస్టారు రారు. అందుకని అమ్మే నా బడి. చేటలో చోళ్ళు, అంటే రాగులు, పలచగా పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. చెయ్యి జారి అక్షరం చెడితే చేటని ఒక్కసారి తట్టి చదును చేసేది. అంత దయగా తప్పుల్ని చెరిపేసే పలకని నేను మళ్ళీ చూడలేదు. పాఠం అయిపోయాక ఆ చోళ్ళే అంబలయ్యేవి. భూగోళం మాత్రం కారు మీద చెప్పేది. ఇంజను మూత మీద రంగు లేచిపోయి తుప్పు పట్టిన మరకల్ని చూపించి, ఇది ఆఫ్రికా, ఈ చుక్క లంక, ఈ తలుపు మీదిది మన దేశం, కొంచెం పక్కకి వంగింది గానీ నువ్వు సరిచేసుకుని చదువుకో అనేది. ప్రపంచం ఏడాదికేడాది పెరుగుతోందని నేను చాలాకాలం అనుకున్నాను.

అలా సుఖంగా ఉండగా ఆఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కారెక్కడం ఎలాగో అతనికి తెలుసు. మిగతా పనులకి గుమస్తాలుండేవారు. ఒకరోజు మా వాకిట్లోనే నిలబడి, మా ఆఫ్రికా మీద వేలితో గీకి, రాలిన పొడి చూసుకుని, "ఏమయ్యా, ఈ తుప్పు డబ్బాలో పైఆఫీసరుగారిని కూర్చోబెట్టమంటావా? వచ్చే వారం ఆయన టూరుంది. అప్పటికి కారు తెల్లగా మెరవాలి. లేకపోతే పాడేరు నుంచి ఇంకో బండి పిలిపిస్తాను, నువ్విక రానక్కర్లేదు" అన్నాడు. అమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కారు మూత మీదే పెట్టి వెళ్ళిపోయాడు.

బాడుగ పోతే మేం కొండ దిగాలి. దిగితే పెదనాన్నగారి ఉమ్మడి ఇల్లు తప్ప మాకు ఇంకో చూరు లేదు. ఆ ఇంట్లో ఆడపిల్ల దీపం ముందు పుస్తకం పట్టుకుంటే నూనె దండగ అనేవారు. మా పెద్దమ్మ, అంటే అమ్మ తోడికోడలు, మేం పండక్కి వెళ్ళినప్పుడే నన్ను పశువులశాలకి అప్పజెప్పేది, "సదివి ఊళ్ళేల్తాదేటి గుంట? బేగి ఆ పేడ ఎత్తు" అని. ఆమె చల్లగా ఉండాలి. పేడతో నాకు మొదటి పరిచయం చేసింది ఆమే, అది తర్వాత పనికొచ్చింది. ఏమైనా, కారుకి రంగు పడటమన్నది మా ఇంట్లో కారు సంగతి కాదు. నా చేట సంగతి.

నాన్న రంగు వేటకి బయల్దేరారు. విశాఖపట్నంలో ఒక పెద్ద షెడ్డాయన కారు చుట్టూ డాక్టరులా తిరిగి, తలుపు మీద వేళ్ళతో కొట్టి చూసి, పాత రంగు గీకాలి, సొట్టలు తియ్యాలి, పుట్టీ పెట్టాలి, ఆ తర్వాత రంగు, ఆపైన మెరుగు అని చెప్పి, చివర్లో ధర చెప్పాడు. నాన్న వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేశారు. టీ బాగుందన్నారు. విజయనగరంలో పెదనాన్నకి తెలిసినాయన ఉన్నాడంటే అక్కడికీ వెళ్ళారు. తెలిసినవాళ్ళ ధర తెలియనివాళ్ళ ధర కంటే ఎక్కువగా ఉంది. మొహమాటానికి కూడా ఖరీదు కట్టాడేమో. ఆఖరికి ఘాటు రోడ్డు దిగగానే ఎస్‌.కోటలో, రేకుల పందిరి కింద గేట్లకీ ట్రంకు పెట్టెలకీ బ్రష్షుతో రంగులేసే ఒకాయన దొరికాడు. "గేటూ ఇనుమే, కారూ ఇనుమే" అని నాన్న తేల్చేశారు. అప్పటికీ కొంచెం మనసు పీకి, అమ్మతో "ఎంతైనా కర్చే గదా" అన్నారు. అమ్మ పప్పు రుబ్బుతూ తలెత్తకుండా, "అప్పన్నకే ఏడాదికోపాలి చందనం ఒలిచేసి మళ్ళీ పూత్తారు. దేముడికే తప్పని పూత మీ కారుకి ఎందుకు తప్పుతాదండీ?" అంది. బయల్దేరేటప్పుడు నన్ను కూడా కారెక్కించి, చెవిలో, "నాన్న అంతకన్నా చవకది ఇంకేటీ కనిపెట్టకుండా సూడు" అని చెప్పింది.

నేను చూడలేకపోయాను. ఆ పందిరి కింద తార్పిను నూనె వాసనకి కళ్ళు మండుతుంటే, ట్రంకు పెట్టె మీద కూర్చుని నేను పద్యాలు వల్లె వేసుకుంటున్నాను. కూలి తగ్గుతుందని నాన్న తనూ ఒక బ్రష్షు అందుకున్నారు. కుడిపక్క ఆయన, ఎడమపక్క నాన్న. నాన్న వేసిన పక్క ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రష్షు వెంట్రుకలు సగం ఆ తలుపుల్లోనే ఉండిపోయాయి. ఆఫ్రికా మునిగిపోయింది, లంక మునిగిపోయింది. రెండో పూత పడగానే నాన్న తాళం తీశారు. "బావూ, గేటు కదల్దు గాబట్టి నిలబడి ఆరతాది. దీన్ని రెండ్రోజులు వదిలీండి" అని ఆయన అడ్డం పడ్డాడు. "ఘాటులో గాలి ఊరికే వత్తాది. దానికే ఆరిపోద్ది" అన్నారు నాన్న. ఊరికే వచ్చేదేదైనా ఆయన కాదనేవారు కాదు. గాలితో పాటు ఊరికే వచ్చిన దుమ్ము, చిన్న చిన్న పురుగులు, దారిలో పడిన నాలుగు వానచినుకులు, అన్నీ ఆ రంగులో కుదురుకున్నాయి. అయినా మా లోయ మలుపు చేరేసరికి అది తెల్లకారే. నాన్న మాటిమాటికీ ఆగి, దిగి, దూరంగా నిలబడి చూసుకునేవారు.

అది ఇటుకల పండగ రోజులని ఆయనకి గుర్తులేదో, గుర్తుండీ ఖర్చు తప్పుతుందనుకున్నారో తెలీదు. మా కొండల్లో చైత్రంలో రోజుల తరబడి సాగే ఆ పండక్కి మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి వెదురుబొంగు అడ్డంపెట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయే వాళ్ళదగ్గర పండగ కట్నం అడుగుతారు. వేట దొరక్కుండా ఒట్టి చేతులతో వచ్చిన మగవాడి నెత్తిన పేడనీళ్ళు పోస్తారు. పోయించుకున్నవాడు కూడా నవ్వాలి. మలుపు తిరగ్గానే బొంగు కనిపించింది. దాని వెనక బుద్రి పెద్దమ్మ. మా ఇంటి దిగువ గూడెంలో ఉండేది. అమ్మకి దుంపలూ అడ్డాకులూ తెచ్చిచ్చి, పెట్టిన అంబలి తాగి, నేను చేటలో రాసిన అక్షరాలు చూసి "మా కోడి గీసినట్టే ఉన్నాది గుంటా" అని మెచ్చుకునేది.

"బావూ, దిగు. ఏటి యేట తెచ్చినావు?" అంది బుద్రి.

"నాను యేటకి ఎల్లలేదే. కారుకి రంగేయించుకుని వత్తన్నాను" అన్నారు నాన్న.

"అయితే ఈ తెల్లదాన్నే కొట్టి తెచ్చినావా? సచ్చినట్టే ఉన్నాది పాపం." ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

నాన్నకి పౌరుషం వచ్చింది. "రోడ్డు గవర్నమెంటోళ్ళది. మీకెందుకివ్వాలి కట్నం?"

"రోడ్డు ఆళ్ళదే బావూ. బొంగు మాది. బొంగుని ముట్టుకోకండ రోడ్డు మీద ఎల్లిపో."

నాన్న ఆలోచించి, అమ్మ పూజకని కొన్న అరటిపళ్ళ అత్తం తీసి, నడిమికి తుంచి, సగం ఇవ్వబోయారు. బుద్రి ఆ పళ్ళని చూసింది, నాన్నని చూసింది. "సగం పళ్ళకి సగం బొంగే లేపుతాం" అని నిజంగానే బొంగుని మోకాలెత్తుకి లేపి పట్టుకుంది. "దూరీ బావూ, నీ కారు కింద నించి దూరిపోద్ది." ఇక నవ్వులకి అంతులేదు. పక్కనున్నామె పేడనీళ్ళ కుండ అందించింది. బుద్రి ఎత్తింది. ఆచారం ప్రకారం అవి నాన్న నెత్తిన పడాలి. కానీ జీవితంలో ఎన్నడూ లేని చురుకుతో ఆయన కారులోకి దూరి అద్దం పైకెత్తేశారు. పాపం ఆ నీళ్ళకి పోవడానికి ఇంకో చోటు లేకపోయింది.

పచ్చి రంగు మీద పేడ ఎలా పడుతుందో చూసినవాళ్ళు తక్కువమంది ఉంటారు. ఆ భాగ్యం నాకిచ్చినందుకు దేవుడికి దణ్ణం. మొదట జారింది, తర్వాత ఆగింది, ఆపైన గడ్డిపోచలతో సహా అక్కడే ఇల్లు కట్టుకుంది. నాన్న దిగి తువ్వాలుతో తుడిచారు. తువ్వాలు పోగులు కూడా చేరాయి. ఆడవాళ్ళ నవ్వు మెల్లగా ఆగిపోయింది. పండగనాడు పేడ పడినవాడు నవ్వాలి కదా, నాన్న నవ్వలేదు. కారెక్కి ఇంటికి పోనిచ్చారు.

అమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. లోపలికెళ్ళి దీపం పెట్టింది. తర్వాత అటక మీంచి గోనెసంచి దింపి ఇత్తడి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నా చేట చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుని, సంచిలో పెట్టకుండా గోడకి ఆనించి, "ఆ ఇంట్లో ఇలాటివి సానా ఉన్నాయి" అంది. అక్షరాలకి కాదు, చెరగడానికి, అని ఆమె ఉద్దేశం. నేను ఆ చేట పక్కనే కూర్చుని, శబ్దం రాకుండా ఏడ్చాను. చోళ్ళు ఇంకా దాని అల్లికలో ఇరుక్కుని ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే, దీపారాధన వేళకి, పండగ మాంసం వాటా ఆకులో చుట్టుకుని బుద్రి వచ్చింది. మేం మాంసం తినమని ఆమెకి తెలుసు. అయినా వాటా వాటాయే, ప్రతి ఏడూ తెచ్చేది, అమ్మ ప్రతి ఏడూ దణ్ణం పెట్టి తిరిగిచ్చేది. గోనెసంచి చూసింది. "ఏటి వదినా, ఊరెల్తన్నారా?" అంది. అమ్మ ఉన్న సంగతి చెప్పింది. బుద్రి బయటికి పోయి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "మావు ఆటకి పోసినాం వదినా. ఇది ఆటనాగ లేదు" అని, అమ్మ ఇచ్చిన అంబలి కూడా తాగకుండా గూడేనికి దిగిపోయింది. సూర్యుడు చెట్లపైకి రాకముందే ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. తట్టల్లో ఎర్రమట్టి, ఒక పిడతలో తెల్లసుద్ద. అమ్మని గంజి అడిగింది. నాన్న అడ్డం నిలబడి, "కారుని ఎవులైనా అలుకుతారేటే?" అన్నారు. "గేటు రంగు నువ్వేసినావు. గోడ రంగు మావేత్తాం. జరుగు" అంది బుద్రి.

పండక్కి తమ ఇళ్ళ గోడలు అలుక్కున్నట్టే అలికారు. అరచేతులు తడుపుకుని, గుండ్రంగా, పేడ మీంచి, పోగుల మీంచి, నాన్న బ్రష్షు వెంట్రుకల మీంచి. అడుగున సుద్దతో అంచు తీర్చారు. నన్ను పిలిచి ఒక తలుపు మూల నా చేత కూడా మట్టి రాయించారు. తడిమట్టి వాసన, గంజి వాసన, అమ్మ లోపల వెలిగించిన సాంబ్రాణి వాసన కలిసిపోయాయి. పనయ్యాక బుద్రి చేతులు కడుక్కుంటూ, పెద్ద విషయమేమీ కానట్టు, "ఓపాలి పేడ పడినోడ్ని ఇంకెవులూ ఆపరు బావూ. ఈ మట్టి సూత్తే మా ఆడోళ్ళకి తెలిసిపోద్ది. నడుపుకో" అంది.

తర్వాతి సంగతి నాన్న చెప్పిందే నేను చెబుతున్నాను. ధరలు తప్ప మిగతావన్నీ ఆయన ఉన్నదున్నట్టే చెప్పేవారు. మా కారుని చూసి ఆఫీసరు రెండు చేతులతో తల పట్టుకున్నాడట. ముందుచూపున్న మనిషి కాబట్టి పాడేరు నుంచి తెల్లటి జీపు ముందే తెప్పించి ఉంచాడు. పైఆఫీసరుగారూ తనూ జీపులో, ఫైళ్ళూ పులిహోర పొట్లాలూ మా కారులో, అదే దాని ఆఖరి ప్రయాణమని చెప్పి మరీ బయల్దేరదీశాడు. మొదటి ఊరి దగ్గర బొంగు. ఆడవాళ్ళు జీపుని ఆపారు. "మేం ఎవరమో తెలుసా?" అన్నాడు ఆఫీసరు. తెలియక్కర్లేదని వాళ్ళు కుండ చూపించారు. ఇస్త్రీ చొక్కా ఆ ఊళ్ళోనే సమర్పించుకున్నాడు. వెనక మా కారు వచ్చింది. వాళ్ళు చూశారు, మట్టిని తాకి చూశారు, నవ్వారు, బొంగు లేపేశారు. రెండో ఊళ్ళోనూ అంతే. మట్టి గుర్తు లేని జీపుకి మళ్ళీ కుండ, మా కారుకి దారి. అక్కడ పైఆఫీసరుగారు జీపు దిగి, పులిహోర పక్కకి జరిపి, మా కారులో కూర్చున్నారట. అక్కణ్ణించి ఏ ఊళ్ళోనూ బొంగు అడ్డం పడలేదు. ఆయన కిటికీలోంచి చేతులూపుతూ, "చూశావా, జనం మనల్ని ఎంత ఆదరిస్తున్నారో!" అన్నారట. "అంతా మీ చలవ సార్" అన్నాడట తడిచొక్కా ఆఫీసరు. నాన్న గేరు మార్చారు. ఆ పండగ రోజులన్నీ టూర్లు మా కారులోనే సాగాయి. పాడేరు జీపు పాడేరు వెళ్ళిపోయింది. మా గోనెసంచి మళ్ళీ అటకెక్కింది, గోడకానించిన చేట నా ముందుకొచ్చింది.

మట్టి కదా, తొలకరికి కరిగి తూముల్లో కొట్టుకుపోయింది. అడుగున పేడచుక్కల తెలుపు అలాగే బయటపడింది. అప్పటికి ఆఫీసరు దానికి అలవాటుపడ్డాడో, బదిలీ కాగితాల కోసం తిరుగుతూ గమనించలేదో, ఏమీ అనలేదు. అది మొదలు ఏటా ఇటుకల పండక్కి బుద్రి తట్టతో వచ్చేది, కారుకి పూత పూసేది. నాన్న ఏటా ఆ మలుపు దగ్గర కారాపి, అడక్కుండానే నిండు గెల దింపేవారు. అంత ఉదారంగా ఇంకెక్కడా ఆయన్ని నేను చూడలేదు. "అప్పన్నకి చందనం, మన కారుకి ఎర్రమట్టి" అని అమ్మ ఇద్దరికీ ఒకే దణ్ణం పెట్టేది.

ఇప్పుడు ఆ పూత కరగదు. తమ్ముడు హామీ కూడా తీసుకున్నాడు. విశాఖపట్నంలో పాత రంగు గీకుతుంటే లోపల గడ్డిపోచలు తగిలాయని, ఇదేం కంపెనీ రంగని అడిగారట. ఆ పేడ పడేనాటికి వాడు ఉయ్యాల్లో పిల్లాడు, ఊహ తెలిసేలోపే కారు షెడ్డు చేరింది, చెప్పలేకపోయాడు. ఎర్రమట్టి ఆలోచన ఎక్కడిదిరా అని నేనడిగితే, "ఎవరో ఊళ్ళోవాళ్ళు ఏసీవారని అమ్మ అనేది కదక్కా" అన్నాడు. వాడి తప్పు లేదు; ఊళ్ళోవాళ్ళంటే మనకెప్పుడూ ఎవరో ఒకరే. మొన్న వెళ్ళి చూశాను. బాగుంది, అబద్ధమెందుకు. గోడకన్నా నున్నగా ఉంది. చుట్టూ గొలుసు కట్టి "తాకరాదు" అని బోర్డు పెట్టారు. నాతో వచ్చిన సోమ్రి ఆ బోర్డు చదివించుకుని, "మా గోడని మమ్మల్నే ముట్టుకోవద్దంటన్నారక్కా" అని మళ్ళీ అదే నవ్వు నవ్వింది. ఆ నవ్వు వాళ్ళమ్మది. సోమ్రి బుద్రి కూతురు. కిందటి వానల్లో, తన వాకిలి తను అలుక్కున్న రోజునే బుద్రి పోయింది. నాకు చోళ్ళ చేట మిగిల్చిన చేతులవి. వాటి దయవల్లే ఈ నాలుగు ముక్కలైనా రాయగలుగుతున్నాను.

చదివేవారికి ఒక మనవి. అరకు వస్తే ఆ కారు పక్కన ఫొటో దిగండి, మా తమ్ముడికి మేలు జరుగుతుంది. దిగేటప్పుడు మాత్రం ఒక్కసారి బుద్రి అని తలుచుకోండి. మట్టి అలికిన బుద్రినే కాదు, అంతకుముందు పకపకా నవ్వుతూ పేడనీళ్ళు పోసిన బుద్రిని కూడా. మంచితనం ఒక్కటే ఏరుకుని తలుచుకున్నారో, ఎక్కడున్నా ఊరుకునే మనిషి కాదు. సగం తలపుకి సగం బొంగే లేపుతుంది.